చివరి భూములకు ప్రత్యక్ష ప్రసారం

చివరి భూముల సంక్షేమ శాఖ మంత్రివర్యులు శ్రీ శివనాగరాజు గారు ఆమధ్య పొదిలిలో పత్రికల వారిని పిలిచి, ప్రపంచ చరిత్రలోనే మొట్టమొదటిసారిగా కాలువ నీళ్ళను లైవ్‌లో ఇవ్వబోతున్నట్టు ప్రకటించారు.

"ఇంతకు ముందు వాళ్ళు కూడా నీళ్ళిచ్చారు. నేను కాదనను. కానీ చూపించారా?" అని అడిగారు.

విలేకరులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. 

మంత్రిగారి పక్క కుర్చీలో ఒక తెల్లాయన కూర్చుని, ముందు పెట్టిన మిరపకాయ బజ్జీని అనుమానంగా చూస్తున్నారు. ఆయన పేరు గెన్నడీ. రష్యాలో స్నెగిర్ టెలికాం అనే కంపెనీకి ఇంజనీరు. ఎక్కడ ఏది జరుగుతున్నా దాన్ని అప్పటికప్పుడే టీవీలకు అందించడం ఆ కంపెనీ పని. మంచు మీద హాకీ ఆటలు, ఓడలు మంచుగడ్డలు పగలగొట్టుకుంటూ పోవడం, కుక్కల బళ్ళ పందేలు, ఇవన్నీ వాళ్ళు అందించారు. కాలువ నీళ్ళు అందించడం మాత్రం ఇదే మొదలు.

అంత దూరం నుంచి రష్యా వాళ్ళెందుకని ఒక విలేకరి అడిగాడు. మంత్రిగారు ఓపిగ్గా చెప్పారు. మన దగ్గర ఏ పార్టీ చానల్ ఆ పార్టీది. ఒకే కాలువ ఒక చానల్లో గట్లు ఒరుసుకుని పారుతుంది, రిమోట్ నొక్కితే పక్క చానల్లో బీటలు వారి ఉంటుంది. జనం దేన్నీ నమ్మడం మానేశారు.

"రష్యా వాడికి మన పార్టీ తెలీదు, మన కులం తెలీదు. నీళ్ళుంటే ఉన్నాయని చూపిస్తాడు, లేకపోతే లేవని చూపిస్తాడు. నీళ్ళు చివరి ఊరు చేరేదాకా ప్రసారం ఆపమనే అధికారం నాకు కూడా లేకుండా అగ్రిమెంటు రాయించాను" అన్నారు మంత్రిగారు.

తన చేతులు తానే కట్టేసుకున్న మంత్రిని నేను చూడటం అదే మొదలు. నిలబడి చప్పట్లు కొట్టాను.

నేనెవరినో చెప్పలేదు కదూ. నా పేరు అంకారావు. ఈ చుట్టుపక్కల ఎడ్ల బండలాగుడు పందెం ఎక్కడ జరిగినా మైకులో కామెంటరీ నాదే. గిత్తలు బండను కదిలించినా కదిలించకపోయినా జనం కుర్చీల్లోంచి లేచి నిలబడేటట్టు చెప్పాలి. అది మా వృత్తిధర్మం. కదలని బండకు ఎక్కువ కష్టపడాలి, అంతే తేడా. మంత్రిగారు ఒక తిరునాళ్ళలో నా గొంతు విని, "కాలువ నీళ్ళకు కూడా ఈయనే చెప్పాలి" అని పట్టుబట్టారు. అందుకే నేను పొదిలిలో ఉన్నాను.

ముహూర్తం శుక్రవారం. పెదగండి షట్టరు దగ్గర నీళ్ళు బయలుదేరి, గడ్డిపర్రు, ములకలదిన్నె ఊళ్ళ మీదుగా మా ఊరు కొత్తరేగడిపాలెం చేరాలి. మా ఊరి తర్వాత కాలువ లేదు, చివరి భూములంటే మావే. మా ఊరి దాకా ఉందనడానికి కాగితాలున్నాయి.

ఈ కబురు అందరికన్నా ముందు బాపయ్యకు చెప్పాలనిపించి, బస్సు దిగి సరాసరి ఆయన చేలోకి పోయాను. బాపయ్యది రెండెకరాల మిర్చి. మొదటి కోత అయిపోయింది, రెండో కోత చెట్టు మీద ఉంది. ఆకు పొద్దెక్కేసరికి వాలిపోతోంది, పూత రాలిపోతోంది. వారం లోపల ఒక్క తడి పడితే కాయ ఎర్రగా నిలబడుతుంది. పడకపోతే అంతా రంగు తేలిపోయిన తాలుకాయ. ఏడాది కష్టమంతా ఆ ఒక్క తడి మీదే ఉంది. బాపయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య మాణిక్యమ్మ ఒక్కో ఆకు ఎత్తి చూసి వదిలేస్తోంది.

"బాపయ్య మావా, నీళ్ళొస్తన్నాయి. శుక్రవారం. లైవ్‌లో" అన్నాను.

బాపయ్య మొహం పాలిపోయింది.

"ఎప్పుడొచ్చేదీ టీవీలో చెప్తారా?"

"చెప్పడమేంది, చూపిస్తారు. ఏ ఊరు దాటినాయి, ఇంకెంతసేపట్లో ఏ ఊరొస్తాయి, అంతా మైకులో నేనే చెప్తా."

"నువ్వా?" అంది మాణిక్యమ్మ. "నీకేం పోయేకాలం వచ్చింది అంకారావూ?"

పాఠకులకు మా ఊరి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. చివరి ఊరికి నీళ్ళు రావాలంటే, అవి వస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే దారిలో ప్రతి ఊరూ కాలువలో పైపులు దించి ఆయిల్ ఇంజన్లు పెడుతుంది. వాళ్ళూ రైతులే, వాళ్ళ చేలూ ఎండుతున్నవే, వాళ్ళను అనడానికేమీ లేదు. అందుకని షట్టరు దగ్గర ఉండే లస్కరు ఆదాం, జనం ఏమరుపాటుగా ఉన్న వేళ చూసి చక్రం తిప్పి, మా ఊళ్ళో ఒకరికి రెండు మిస్డ్ కాల్స్ ఇస్తాడు. మాట్లాడడు. పొరపాటున ఫోన్ ఎత్తితే కోప్పడతాడు. మేం పార భుజాన వేసుకుని, ఎవరన్నా అడిగితే చుట్టాల ఊరికని చెప్పి, చేలోకి పోతాం. పార భుజాన వేసుకుని చుట్టాల ఊరికేంటని మా ఊళ్ళో ఎవరూ అడగరు. మా తాతల కాలంలో ఫోన్లు లేవు కాబట్టి సైకిల్ మీద మనిషి వచ్చి, దాహానికి అడిగి తాగి, ఒక్క మాటా మాట్లాడకుండా పోయేవాడట. ఇన్నేళ్ళుగా మా ఊరు తిన్న తిండి అంతా ఎవరూ చెప్పని నీళ్ళతో పండిందే.

ఆ సాయంత్రమే బాపయ్య నన్ను వెంటబెట్టుకుని మంత్రిగారి క్యాంపు ఆఫీసుకు పోయాడు.

"అయ్యా, నీళ్ళు మామూలుగా వదిలేయండి, అదే పదివేలు. ఆ లైవ్ మాత్రం వద్దండి" అన్నాడు.

మంత్రిగారికి ఆశ్చర్యమేసింది. "చాటుగా తీసుకోవడానికి ఇదేమన్నా దొంగసారానా బాపయ్యా? మీకు రావాల్సిన నీళ్ళు. రొమ్ము విరుచుకుని తీసుకోవాలి."

"రొమ్ము విరుచుకునేలోపల అయిపోతాయండి."

మంత్రిగారు కడుపుబ్బా నవ్వి, పక్కనున్న ప్రత్యేకాధికారి చైతన్యకృష్ణ గారి వైపు తిరిగి, "బాగుందయ్యా ఈ మాట. రాసుకో" అన్నారు. చైతన్యకృష్ణ గారు రాసుకున్నారు. మంత్రిగారికి నచ్చిన ప్రతిదీ ఆయన రాసుకుంటారు. ఆయన ప్రత్యేకత అదే.

శుక్రవారం వచ్చింది. కాలువ చివర స్టేజీ కట్టి షామియానా వేశారు. పక్కన పంచాయతీ ఆఫీసు కన్నా పెద్ద ఎల్‌ఈడీ తెర నిలబెట్టారు. గెన్నడీ గారు గొడుగంత డిష్ ఒకటి, కెమెరాలు మోసే డ్రోన్లు, ముందురోజే అట్టపెట్టె విప్పిన కొత్త మెషీన్ ఒకటి పెట్టుకుని కూర్చున్నారు. ఆయన మాట మాకూ మా మాట ఆయనకూ చెప్పడానికి ములకలదిన్నె అమ్మాయి శ్రీదివ్యను పిలిపించారు. ఆ అమ్మాయి రష్యాలో డాక్టరీ చదివొచ్చింది. ఇక్కడి పరీక్ష ఇంకా పాసు కావాల్సి ఉంది కాబట్టి ఖాళీగా ఉంది. ఆమెకు వచ్చిన రష్యన్ అంతా ఆస్పత్రి రష్యన్.

"సిగ్నల్ ఎలా ఉందో అడగమ్మా" అన్నారు చైతన్యకృష్ణ గారు.

శ్రీదివ్య అడిగింది. "నాడి బాగా కొట్టుకుంటోందంట సార్. జ్వరం లేదంట" అంది.

మంత్రిగారు ఎర్ర బటన్ నొక్కారు. ఆ బటన్‌కు వైరు లేదు. సరిగ్గా అదే క్షణానికి చైతన్యకృష్ణ గారు పెదగండికి ఫోన్ చేశారు, అక్కడ ఆదాం చక్రం తిప్పాడు. తెర మీద నీళ్ళు ఉరికాయి. నేను మైకు అందుకున్నాను.

"వస్తన్నాయి, వస్తన్నాయి, మెడ వంచి కాడి గుంజుకుంటా వస్తన్నాయి పెదగండి నీళ్ళు. ఇంకో పది నిమిషాల్లో గడ్డిపర్రు. గడ్డిపర్రు సోదరులారా, సిద్ధంగా ఉండండి."

గడ్డిపర్రు సోదరులు సిద్ధంగా ఉన్నారు. ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, గాజులు కాలువలో వేసి గంగమ్మకు దండం పెట్టుకుంటున్నారు. మగవాళ్ళు ఒక చేత్తో ఫోన్‌లో లైవ్ చూసుకుంటూ రెండో చేత్తో పైపులు దించుతున్నారు. నేను "వచ్చేశాయి" అనగానే గట్టు పొడుగునా ఇంజన్లన్నీ ఒక్కసారి అందుకున్నాయి. నా కామెంటరీకి జనం ఇంత చురుగ్గా స్పందించడం నా జీవితంలో చూడలేదు.

"ఆ పైపులేంటయ్యా?" అని మంత్రిగారు అడిగారు.

చైతన్యకృష్ణ గారు రెప్ప వేయకుండా చెప్పారు. "గౌరవ వందనం సార్. మీలాంటి పెద్దలొస్తే పోలీసులు తుపాకులు పేలుస్తారు. రైతుల దగ్గర తుపాకులుండవు కాబట్టి ఇంజన్లు పెడతారు."

మంత్రిగారు లేచి నిలబడి తెరకు సెల్యూట్ చేశారు. గడ్డిపర్రు వాళ్ళు అది ఫోన్‌లో చూసి, ఇంకో రెండు ఇంజన్లు తెచ్చి పెట్టారు.

పెదగండి దగ్గర నడుం లోతు ఉన్న నీళ్ళు గడ్డిపర్రు దాటేసరికి మోకాలి లోతయ్యాయి. ములకలదిన్నెలో కూడా నేను ముందే చెప్పాను, వాళ్ళు కూడా గౌరవించారు. ఆ ఊరు దాటేసరికి నీళ్ళు పాదం తడిపేపాటే ఉన్నాయి. గెన్నడీ గారు కళ్ళజోడు తుడుచుకుని శ్రీదివ్యతో ఏదో అన్నారు.

"పేషెంటుకు రక్తం పోతోందంట సార్. ఎక్కడో కోసుకుపోయింది, కుట్లు వేయమంటున్నారు" అంది శ్రీదివ్య.

"లీకేజీ ఆయన వైపు ఉందేమో చూసుకోమను" అన్నారు మంత్రిగారు.

గెన్నడీ గారు నొచ్చుకున్నారు. చాలాసేపు మాట్లాడారు. దాని సారాంశం ఏమిటంటే, పెదగండిలో తీసిన బొమ్మ ఆకాశంలోకి పోయి, అక్కడి నుంచి రష్యా పోయి, మళ్ళీ తిరిగి కొత్తరేగడిపాలెం తెర మీదికి చుక్క కూడా ఒలక్కుండా వస్తోంది. అది నిజమే. ములకలదిన్నె నుంచి కొత్తరేగడిపాలేనికి నీళ్ళు రావడమే మిగిలింది.

ములకలదిన్నె దాటి కొంచెం దూరం వచ్చాక నీళ్ళు ఆగాయి. తెర మీద ఒక మడుగు కనిపిస్తోంది. ఒక కోడి వచ్చి తాగింది. ఆ తర్వాత తడి మాత్రం మిగిలింది. డ్రోను దాని మీద నిలబడి రాష్ట్రమంతటికీ దాన్నే చూపిస్తోంది.

"ఆపమనవయ్యా" అన్నారు మంత్రిగారు.

"కుదరదంట సార్. నీళ్ళు చివరి ఊరు చేరేదాకా ప్రసారం ఆపడానికి లేదని అగ్రిమెంటులో ఉందంట" అంది శ్రీదివ్య.

"ఎవడు రాయించాడది?"

చైతన్యకృష్ణ గారు షామియానా గుంజల వంక చూశారు. మంత్రిగారికి కూడా కాసేపటికి గుర్తొచ్చింది. నా వైపు తిరిగి, "అంకారావు, నువ్వు చెప్తూ ఉండవయ్యా, ఆపకు" అన్నారు.

కదలని బండకు కామెంటరీ చెప్పినవాణ్ణి నేను. "చూడండి మన తడి. ఎండ మండిపోతున్నా ఒక్క అడుగు వెనక్కి వేయడం లేదు. ములకలదిన్నె వైపు నుంచి గాలి. తడి నిబ్బరంగా ఉంది. కోడి మళ్ళీ వస్తోంది. తట్టుకుంటుందా?" అని అరగంట లాగాను. ఆ అరగంటలో రష్యాలో చూసేవాళ్ళు బాగా పెరిగారని గెన్నడీ గారు బొటనవేలు ఎత్తి చూపించారు. అక్కడ వాళ్ళు కోడి పక్షం వహించారట.

ఈలోపు చైతన్యకృష్ణ గారికి ఆలోచన వచ్చింది. మా ఊరి అవతల మంచినీళ్ళ చెరువు ఉంది, ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. వేసవి దాకా ఊరు తాగాల్సిన నీళ్ళు అవే. వాటిని ట్యాంకర్లకు ఎత్తి, కాలువ మలుపులో తుమ్మ చెట్ల చాటున కుమ్మరిస్తే, డ్రోను మెల్లిగా అక్కడికి వచ్చేసరికి నీళ్ళు వచ్చినట్టే. మాణిక్యమ్మ ఆ మాట విని స్టేజీ దగ్గరికి వచ్చింది.

"తాగే నీళ్ళు కాలవలో పోసి, కాలవ నీళ్ళొచ్చినాయని చూపిస్తారా అయ్యా?"

"తాగునీళ్ళకు రేపు వేరే లైవ్ పెడతాంలే తల్లీ" అన్నారు మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా.

ట్యాంకర్లు కదిలాయి. డ్రోను కోడిని వదిలి మలుపు తిరిగింది. తుమ్మ చెట్ల కింద నుంచి నీళ్ళు బయటికి వచ్చాయి. జనం లేచారు. నేనైతే మైకు పగిలేటట్టు చెప్పాను. క్లోరిన్ వాసన వస్తోందని ఎవరో అన్నారు కానీ, వాసన లైవ్‌లో పోదు.

బాపయ్య పొద్దుటి నుంచి తన తూము దగ్గరే ఉన్నాడు. తలకు తువ్వాలు, చేతిలో పార. నీళ్ళు ఎవరివైనా, ఎక్కడివైనా, ఆయన చేనుకు కావలసింది ఒక్క తడి. నీళ్ళు దగ్గరికి రాగానే తూముకు అడ్డం పెట్టిన పలక ఎత్తబోయాడు. చైతన్యకృష్ణ గారు బూట్లతో వచ్చి ఆ పలక మీద నిలబడ్డారు.

"ఒక్క నిమిషం బాపయ్య గారూ. ఇప్పుడు తూము తీస్తే ఫ్రేములో నీళ్ళు తగ్గుతాయి. మంత్రిగారి దాకా పోనివ్వండి."

బాపయ్య పార పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు ఆయన కాళ్ళ ముందు నుంచి పోయాయి. వెనక చేలో ఆకు వాలి ఉంది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. డ్రోను దగ్గరికి పోయి ఆ మొహాన్ని తెర నిండా చూపించింది. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా బాపయ్య ఏడవగా నేను చూడలేదు. నేను మైకు దించేశాను. ఎడ్ల పందెంలో నేనెప్పుడూ అలా చేయలేదు.

ఆ ఖాళీలో మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఆనందబాష్పాలు. చూడండి, ఒక చివరి భూమి రైతు ఆనందబాష్పాలు. సొంత చానళ్ళలో అయితే నటన అంటారు. ఇది రష్యా వాళ్ళు చూపిస్తున్నారు. లైవ్‌లో అబద్ధం ఉండదు. లైవ్‌లో కనపడిందే నిజం, నా శాఖకు అదే ఆధారం."

నీళ్ళు స్టేజీ దగ్గరికి వచ్చాయి. మంత్రిగారు దోసిట పట్టి నెత్తిన చల్లుకున్నారు. మిగతావి స్టేజీ కింద నుంచి వాగులోకి పోయాయి, ఎందుకంటే అక్కడితో కాలువ అయిపోతుంది.

నీళ్ళు చేరాయి కాబట్టి ప్రసారం ఇక ఆపవచ్చు. కానీ ఇప్పుడు మంత్రిగారికి ఆపాలని లేదు. "ఆ రైతు మొహం బాగుంది. నా ఉపన్యాసం అయ్యేదాకా ఒక పక్క నన్ను, ఒక పక్క అతన్ని చూపించమను" అన్నారు. ఉపన్యాసం పొద్దు వాలేదాకా సాగింది. బాపయ్య తూము దగ్గర గట్టు మీద కూర్చుని ఉన్నాడు. డ్రోను ఆయన నెత్తి మీదే ఉంది.

అప్పుడు బాపయ్య నడుం దగ్గర నుంచి ఫోన్ తీసి చూసి, మాట్లాడకుండా మళ్ళీ దోపుకున్నాడు. కాసేపటికి మళ్ళీ తీసి, చూసి, దోపుకున్నాడు. తెర మీద అది చూసిన కొత్తరేగడిపాలెం వాళ్ళందరం ఒక్కసారి తలలు దించుకుని నేల చూపులు చూశాం. మాకు అర్థమైంది. పని అయిపోగానే షట్టరు మూసేయమని ఆదాంకు చెప్పారు. ఆదాం సగం మూశాడు. ఎగువ ఊళ్ళ వాళ్ళు చేలు నింపుకుని, ఇంజన్లు ఆపి, కాళ్ళు కడుక్కుని, టీవీల ముందు కూర్చుని ఉన్నారు. కాలువ గట్టున మనిషి లేడు. నిజం నీళ్ళు వస్తున్నాయి.

బాపయ్య లేచాడు. పార భుజాన వేసుకుని నాలుగడుగులు వేశాడు. డ్రోను కూడా కదిలింది. ఆయన ఆగాడు. అదీ ఆగింది. ములకలదిన్నె వైపు కాలువలో సన్నగా ఏదో మెరుస్తోంది. ఇంకొంచెం ముందుకు పోతే ఆ మెరుపు తెర మీద పడుతుంది. తెర మీద పడితే ములకలదిన్నెలో పడుతుంది, గడ్డిపర్రులో పడుతుంది.

బాపయ్య పార కింద పెట్టాడు. తల పైకెత్తి డ్రోను వంక చూసి, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి దండం పెట్టాడు. డ్రోనుకు మైకు లేదు. పెదాలు కదలడం మాత్రం కనపడుతోంది. "పో నాయనా. నీకు పుణ్యముంటుంది, పో" అంటున్నాడని మా ఊరి వాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. మాణిక్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటున్నాడు అంకారావు?" అని అడిగారు మంత్రిగారు.

"తమకు దండం పెడుతున్నాడండీ" అన్నాను. దండం వరకు నిజమే.

గెన్నడీ గారు కూడా అదే ప్రశ్న శ్రీదివ్యను అడిగారు.  ఆ అమ్మాయి తెర వంక చూసి, మెల్లిగా నాలుగు మాటలు చెప్పింది. నాకు రష్యన్ రాదు. గెన్నడీ గారు విన్నారు. బాపయ్యను చూశారు. మలుపు వైపు చూశారు. ఉన్నట్టుండి తెర మీద మంచు కురిసినట్టు తెల్లటి చుక్కలు వచ్చి, బొమ్మ పోయింది.

"ఏమైంది?" అన్నారు మంత్రిగారు.

"హార్టు ఆగింది సార్" అంది శ్రీదివ్య. "మెషీన్ బాగా పాతదంట. తెల్లారితే మళ్ళీ కొట్టుకుంటుందంట."

మంత్రిగారు నొచ్చుకుని పొదిలి వెళ్ళిపోయారు. గెన్నడీ గారు స్టేజీ మీది పళ్ళెంలో చల్లారిన మిరపకాయ బజ్జీ ఒకటి తీసుకుని కొరికారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆయన అటు తిరిగి కూర్చుని మిగతాదీ తిన్నారు.

సోమవారం ప్రత్యేకాధికారి గారి జీపు బాపయ్య చేను దగ్గర ఆగింది. ఎవరో పిటిషన్ పెట్టారు. చుట్టూ చేలు బీటలు వారి ఉంటే, బాపయ్య రెండెకరాలు మాత్రం మడమ దిగబడేటట్టు తడిసి ఉన్నాయి. ఆ రాత్రి వచ్చిన నీళ్ళు వాటికే సరిపోయాయి. ఆకు నిలబడింది, కాయ మీద నిగారింపు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. చైతన్యకృష్ణ గారు ఫోన్‌లో శుక్రవారం నాటి లైవ్ పెట్టి చూపించారు.

"ఇదిగో మీ తూము. మూసే ఉంది. పలక మీద నేనే నిలబడి ఉన్నాను. రాష్ట్రమంతా చూసింది. నీళ్ళన్నీ చివరి దాకా పోయాయి. అయితే ఈ తడి ఎక్కడిది బాపయ్య గారూ? షట్టరు దగ్గర ఎవరన్నా దొంగతనంగా నీళ్ళు వదిలి ఉంటే వాడి ఉద్యోగం పోతుంది. మీ మీద కేసవుతుంది."

బాపయ్య చేను వంక చూశాడు. పెదగండి వైపు చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏడ్చాను కదండీ" అన్నాడు.

"ఏంటి?"

"లైవ్‌లోనండి. మంత్రిగారే చెప్పారు గదా, ఆనందబాష్పాలని. తమరు చూపిస్తన్న దాంట్లోనే ఉంటది, కొంచెం ముందుకు జరపండి. ఆ తడేనండి ఇది."

చైతన్యకృష్ణ గారు నవ్వబోయి ఆగారు. ఫోన్‌లో బొమ్మ ముందుకు జరిపారు. బాపయ్య మొహం వచ్చింది, కన్నీళ్ళు వచ్చాయి, మంత్రిగారి గొంతు వచ్చింది. లైవ్‌లో కనపడిందే నిజం, నా శాఖకు అదే ఆధారం. ఆయన వంగి మట్టి తీసి పిసికి చూశారు. పక్కకు పోయి మంత్రిగారికి ఫోన్ చేశారు. లైవ్‌లో తూము మూసి ఉన్నది నిజమైతే కన్నీళ్ళూ నిజమే. కన్నీళ్ళు కావంటే లైవ్ అబద్ధమనాలి, అప్పుడు నీళ్ళూ చేరలేదనాలి. 

"విస్తీర్ణం ఎంత?" అన్న మంత్రిగారి గొంతు నాకు కూడా వినపడింది.

"రెండెకరాలు సార్."

"పంట?"

"మిర్చి సార్."

"రాసుకో."

చైతన్యకృష్ణ గారు రాసుకున్నారు.

ఆ వారంలోనే ఆనందబాష్ప సేద్యం పథకం ప్రకటించారు. బాపయ్య మొహంతో ఫ్లెక్సీలు పొదిలి నుంచి చీరాల దాకా కట్టారు. కాలువ అక్కర్లేదు, షట్టరు అక్కర్లేదు, లస్కరు అక్కర్లేదు, రైతు ఉంటే చాలునని మంత్రిగారు వివరించారు. ఆదాం ఉద్యోగం జోలికి ఎవరూ పోలేదు. గెన్నడీ గారు రష్యా పోతూ పోతూ బాపయ్య ఇచ్చిన సంచెడు ఎర్రటి మిరపకాయలు తీసుకుపోయారు. మెషీన్ ఆగినందుకు కంపెనీకి మళ్ళీ పని ఇవ్వకూడదని నిర్ణయించారు. వాళ్ళ మీద ఉన్న ఫిర్యాదు అదొక్కటే.

నిన్న చైతన్యకృష్ణ గారు మా ఊరు మళ్ళీ వచ్చారు. పథకంలో చేరదలచిన రైతులను ఎంపిక చేయాలి. బడి దగ్గర బల్ల వేశారు, మైకులో పిలిచింది నేనే. నేను సగం చెప్పకముందే జనం వరస కట్టారు. వరస బడి దాటి, రామాలయం దాటి పోయింది. ప్రత్యేకాధికారి గారు ఒక్కొక్కరిని నిలబెట్టి, ఏడవగలరా అని అడుగుతున్నారు. ఎవరినీ కాదని పంపాల్సిన అవసరం రాలేదు. మా మండలానికి ఇచ్చిన టార్గెట్ మా ఊళ్ళోనే అయిపోయిందని ఆయన ఎంతో సంతోషించారు.

అప్పుడు మాణిక్యమ్మ వచ్చింది. చంకలో ఖాళీ బిందె ఉంది. ఆమె వెనక ఇంకా కొంతమంది ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఆ శుక్రవారం నుంచి ఖాళీగానే ఉంది.

"ఏమ్మా, మీరు కూడా ఏడుస్తారా?" అన్నారు చైతన్యకృష్ణ గారు మర్యాదగా.

"ఏడవకేం అయ్యా, ఏడుస్తాం. దానికైనా ఒంట్లో నీళ్ళుండాలి గదా. ముందో ట్యాంకరు పంపించు" అంది మాణిక్యమ్మ.

చైతన్యకృష్ణ గారు ఒక్క క్షణం ఆలోచించి, అది కూడా రాసుకున్నారు.